ఇటలీ ఎండకి క్యాంపర్‌వ్యాన్ ఫ్రిజ్ చల్లబడట్లేదు
మ్యూనిక్ నుంచి పిల్లలతో అద్దె క్యాంపర్‌వ్యాన్‌లో ఇటలీ వచ్చాం, గార్డా సరస్సు దగ్గర బాగానే ఉన్న ఫ్రిజ్ ఫ్లోరెన్స్ దాటాక మొండికేసింది. కంప్రెసర్ లేని రకం, గ్యాస్ మీద, 230 వోల్టుల మీద, 12 వోల్టుల మీద కూడా నడుస్తుంది. పొద్దున 7కి లోపల 8 డిగ్రీలు, మధ్యాహ్నం 3కి బయట 37 ఉంటే లోపల 16. నిన్న ఇడ్లీ పిండి పొంగి మూత తన్నేసి పాల ప్యాకెట్ల మీద పడింది, ఆ పులుపు కంపు ఇంకా పోలేదు.

బండి లెవెల్ చేశా, ఫ్రిజ్ వేడి బయటికి పోయే జాలీ ఉన్న వైపు నీడకి తిప్పా, కరెంటు మీంచి గ్యాస్‌కి మార్చి రోజంతా చూశా, డోర్ రబ్బరులో కాగితం పెట్టి లాగి చూశా, బిగుతుగానే ఉంది. అద్దెకిచ్చినవాళ్లేమో ఎండాకాలం అంతేనండీ అంటున్నారు (డబ్బు తీసుకున్నప్పుడు చెప్పలేదు మరి).

ఇంకా 9 రోజులున్నాయి, రోమ్ వైపు వెళ్లాలి. జాలీ వెనకాల చిన్న 12 వోల్టుల ఫ్యాన్ పెడితే నిజంగా ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది, పెట్టి చూసినవాళ్లు ఎవరైనా చెప్తారా?