మాంసం ఉంది, ఓడల్లేవు: రెండో ప్రపంచ యుద్ధంలో న్యూజిలాండ్ మాంసం బ్రిటన్‌కి ఎందుకు చేరలేదు?

సముద్రయానం_88:
రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతుంటే ఒక విషయం అస్సలు మింగుడు పడట్లేదు. బ్రిటన్‌లో 1940 మార్చిలో మాంసం రేషన్ మొదలైంది, అది కూడా బరువు లెక్క కాదు డబ్బు లెక్క, పెద్దవాళ్ళకి మనిషికి వారానికి 1 షిల్లింగ్ 10 పెన్నీల మాంసం. 1941లో అది 1 షిల్లింగ్‌కి పడిపోయింది. అదే టైంలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో కోల్డ్ స్టోర్లు నిండిపోయి, కోసిన గొర్రెల్ని ఎక్కడ పెట్టాలో తెలీక కొట్టుకున్నారంట. ఇటు పక్క జనం మాంసం కోసం క్యూలో నిలబడ్డారు, అటు పక్క గుట్టలు పడి ఉంది. రీఫర్ ఓడలు, అంటే లోపల చల్లబరిచే ఏర్పాటున్న ఓడలు లేకపోతే మామూలు సరుకు ఓడల్లోనే మంచు పోసి పంపొచ్చు కదా? ఏదో ఒకటి చేసి ఉండాల్సింది అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రీఫర్_మెకానిక్:
మంచుతో అయ్యే పని కాదండి. న్యూజిలాండ్ నుంచి బయల్దేరిన ఓడ భూమధ్యరేఖ దాటి రావాలి, నెల పైనే ప్రయాణం, యుద్ధంలో ఇంకా ఎక్కువ. మామూలు ఓడ హోల్డ్ (సరుకు పెట్టే అడుగు గది) అంటే ఇనుప గోడలు, ఆ ఎండకి లోపల పొయ్యిలా కాలిపోతుంది. మంచు కరిగితే మాంసం తడుస్తుంది, తడిసిందంటే పాడైనట్టే. గడ్డకట్టిన గొర్రె మాంసాన్ని దారి పొడుగునా సున్నాకి బాగా కింద పట్టి ఉంచాలి, మధ్యలో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే దాన్ని కొనేవాడు ఉండడు.

అప్పట్లో కంటైనర్లు లేవు కాబట్టి ఓడే కోల్డ్ స్టోరేజీ. హోల్డ్ గోడలు, కప్పు, నేల అన్నిటికీ లోపలి వైపు కార్క్ ముక్కలు దట్టంగా కూరి దాని మీద చెక్క కొట్టేవాళ్ళు, గోడల వెంబడి పైపులు వేసి వాటిల్లో చల్లటి ఉప్పునీళ్ళు తిప్పేవాళ్ళు, ఆ నీళ్ళు చల్లబరచడానికి కంప్రెసర్లు, ఒకటి ఆగితే ఇంకోటి ఉండాలి, వాటిని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు ఉండాలి. ఇదంతా ఓడ కట్టేటప్పుడే చెయ్యాలి. ఉన్న ఓడని మార్చాలంటే నెలల తరబడి యార్డులో కూర్చోబెట్టాలి, ఆ యార్డులేమో దెబ్బతిన్న ఓడల రిపేర్లతో నిండిపోయి ఉన్నాయి. పైగా గోడల మందం వల్ల సరుకు పట్టే చోటు తగ్గుతుంది. అందుకే ఒక రీఫర్ ఓడ పోయిందంటే దాని బదులు ఇంకో ఓడ దొరికినా అది మాంసానికి పనికిరాదు.

నీలి_తెరచాప:
పైన ఆయన చెప్పింది కరెక్టే కానీ అసలు దెబ్బ మునిగిపోవడం వల్ల. ఉదాహరణకి డోరిక్ స్టార్ అనే ఓడ, 1939 డిసెంబర్‌లో దాన్ని జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పే ముంచేసింది, దాన్నిండా మాంసం, వెన్న, చీజ్. తర్వాత 1940 నవంబర్‌లో రంగిటానే అనే ఓడ ఆక్లాండ్ నుంచి బయల్దేరిన మూడు రోజులకే జర్మన్ రైడర్ల (సరుకు ఓడల్ని వేటాడే సాయుధ ఓడలు) చేతికి చిక్కి మునిగింది, అదీ న్యూజిలాండ్ దగ్గర్లోనే. సబ్‌మెరైన్ల సంగతి చెప్పనక్కర్లేదు.

పాత_లాగ్‌బుక్:
నీలి_తెరచాప గారూ, మునిగినవి లెక్కలోకి తీసుకోవాల్సిందే, కాదనను, వాటిల్లో ప్రాణాలు పోయాయి. కానీ నా ఉద్దేశంలో అంతకంటే ఎక్కువ తినేసింది టైం. మునగని ఓడ కూడా ఏడాదికి ఎన్ని ట్రిప్పులు వేసింది అనేదే అసలు లెక్క. కాన్వాయ్ (యుద్ధనౌకల కాపలాలో గుంపుగా వెళ్ళే ఓడలు) కట్టేదాకా రేవులో ఆగాలి, కాన్వాయ్‌లో అన్నిటికంటే నెమ్మదైన ఓడ వేగంతో నడవాలి, 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగాక మధ్యధరా సముద్రం దారి మూసుకుపోయి ఆస్ట్రేలియా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాలి, తీరా బ్రిటన్ చేరితే లండన్ మీద బాంబులు పడుతున్నాయని ఓడల్ని పడమటి తీరానికి, లివర్‌పూల్, గ్లాస్గో వైపు మళ్ళించారు, మాంసం దాచే కోల్డ్ స్టోర్లు ఎక్కువగా లండన్‌లో ఉన్నాయి. దింపుకునే చోటు లేకపోతే ఓడే గోడౌన్‌లా రేవులో నిలబడిపోతుంది. ఇలా ప్రతి ట్రిప్పుకీ వారాలు పెరిగితే ఒక్క ఓడా మునక్కపోయినా మోసే సరుకు బాగా తగ్గిపోతుంది.

ఇంకోటి, రీఫర్ లైనర్లు మామూలు సరుకు ఓడల కంటే బాగా వేగంగా పోయేవి. వేగం ఉంది కాబట్టే మిలిటరీ వాళ్ళ కళ్ళు వాటి మీద పడ్డాయి. 1942 ఆగస్టులో మధ్యధరాలో శత్రువుల ముట్టడిలో ఉన్న బ్రిటిష్ దీవి మాల్టాకి సరుకులు తీసుకెళ్ళిన పెడెస్టల్ కాన్వాయ్ చూడండి, 14 సరుకు ఓడల్లో 5 మాత్రమే చేరాయి. మునిగిన వైరంగి, వైమరామ, ఎంపైర్ హోప్, చేరిన మెల్బోర్న్ స్టార్, బ్రిస్బేన్ స్టార్, పోర్ట్ చామర్స్ అన్నీ మాంసం మోసే రకమే. మాల్టాని బతికించాల్సిందే, అందులో తప్పేం లేదు, కానీ దాని ధర బ్రిటన్ వంటింట్లో కట్టారు.

మాంసం ఎక్కడ దగ్గరో అక్కడికే ఓడని పంపడం కూడా ఇందులో భాగమే. అర్జెంటీనా దాదాపు సగం దూరం, అదే ఓడ అటు తిప్పితే సుమారు రెట్టింపు మాంసం తెస్తుంది. న్యూజిలాండ్ స్టోర్లు నిండటానికి ఇదొక పెద్ద కారణం.

సముద్రయానం_88:
ఓహో, నేను మాంసం ఎంత ఉంది అనే వైపు నుంచే చూస్తున్నా. మరి ఉన్న చోటులో ఎక్కువ పట్టించడానికి ఏం చెయ్యలేదా?

రీఫర్_మెకానిక్:
చేశారు, నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే. గొడ్డు మాంసం ఎముకలు తీసేసి పెట్టెల్లో గట్టిగా కుక్కి గడ్డకట్టించారు, ఎముకలకి ఓడలో చోటు ఎందుకని. గొర్రెనైతే నడుం దగ్గర రెండు ముక్కలు చేసి వెనక భాగాన్ని ముందు భాగం లోపలికి దూర్చేవాళ్ళు, టెలిస్కోప్ ముడిచినట్టు, పేరు కూడా టెలిస్కోపింగే. యుద్ధానికి ముందు అర్జెంటీనా నుంచి గడ్డకట్టించకుండా చల్లబరిచిన మాంసం వచ్చేది, రుచికి అదే మేలు, కానీ కొక్కేలకి వేలాడదీసి గాలి ఆడేలా వదలాలి కాబట్టి చోటు చాలా తినేస్తుంది, పైగా ఆలస్యమైతే ఆగదు, దాంతో అది ఆపేసి అంతా ఫ్రోజన్ చేసేశారు. కొంత డబ్బాల్లోకి మళ్ళించారు, కొంత ఎండబెట్టారు కూడా, వాటికి చల్లటి హోల్డే అక్కర్లేదు. 1941లో న్యూజిలాండ్ పాల డెయిరీలని వెన్న తగ్గించి చీజ్ ఎక్కువ చెయ్యమని బ్రిటన్ అడిగిందీ ఇందుకే, చీజ్‌కి అంత చలి అవసరం లేదు.

పాత_లాగ్‌బుక్:
ఇది కొత్త సమస్య కూడా కాదండి. మొదటి యుద్ధంలోనే 1915లో న్యూజిలాండ్ ఎగుమతి మాంసం మొత్తాన్ని బ్రిటిష్ ప్రభుత్వం తీసుకోవడం మొదలుపెట్టింది, అది 1920 దాకా నడిచింది. ఓడల చోటు కూడా ప్రభుత్వం చేతిలోకే వెళ్ళింది. 1917లో జర్మన్ సబ్‌మెరైన్లు విరుచుకుపడ్డాక దూరం దారి ఓడల్ని అట్లాంటిక్ వైపు లాక్కున్నారు, న్యూజిలాండ్‌లో స్టోర్లు నిండిపోయి కొత్త గదులు కట్టుకోవాల్సి వచ్చింది. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ 98 రోజుల్లో ఫ్రోజన్ మాంసం లండన్ చేర్చినప్పటి నుంచి ఆ దేశం బతుకే ఈ దారి మీద నిలబడింది, దారి తెగితే వాళ్ళ చేతిలో ఏముంటుంది చెప్పండి.

సముద్రయానం_88:
మరైతే 1944లో న్యూజిలాండ్‌లోనే మాంసం రేషన్ పెట్టారు కదా? స్టోర్లు నిండి ఉంటే వాళ్ళకెందుకు రేషన్?

నీలి_తెరచాప:
అప్పటికి సీన్ మారిపోయింది. అట్లాంటిక్‌లో సబ్‌మెరైన్ల జోరు 1943 మధ్య నుంచి తగ్గింది, ఓడలు మళ్ళీ దొరికాయి, ఇంకోపక్క పసిఫిక్‌లో దిగిన అమెరికన్ సైన్యానికి కూడా తిండి అక్కణ్ణుంచే పోతోంది. దాంతో ఎంత పంపినా చాలని పరిస్థితి, బ్రిటన్‌కి ఇంకాస్త ఎక్కువ మిగల్చడానికి వాళ్ళు తమ తిండి తగ్గించుకున్నారు. ఆస్ట్రేలియా కూడా అదే ఏడాది జనవరిలో మాంసం రేషన్ పెట్టింది. 1941లో ఓడ లేక మాంసం ఆగింది, 1944లో ఓడ ఉండి మాంసం చాల్లేదు. పాత_లాగ్‌బుక్ గారు టైం గురించి చెప్పింది ఈ రెండేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ సరే అనిపిస్తోంది.