మార్స్ లావా రాళ్ల సంగతి ఆర్బిటర్లు ఒక్కటే తేల్చగలవా?

అనంతపురం_ఎమ్మెస్సీ:
నేను జియాలజీ విద్యార్థిని. మార్స్ చుట్టూ తిరిగే ఆర్బిటర్లు అగ్నిశిలలను (మాగ్మా, అంటే కరిగిన రాయి, చల్లారి ఏర్పడిన వాటిని) పైనుంచే గుర్తుపడుతున్నప్పుడు కోట్లు పోసి నేలమీద నడిచే రోవర్లు దించడం దండగ అని మా క్లాసులో కొందరి వాదన. మీరేమంటారు?

వేంపల్లె_రాయి:
దండగ అంటే నేనొప్పుకోను తమ్ముడూ. పరారుణ కాంతిలో ఒక్కో ఖనిజానికి ఒక్కో గుర్తుంటుంది. దాన్నిబట్టి ఓలివిన్ ఉందనో, పైరాక్సీన్ ఉందనో చెప్తాం. అంతవరకే. ఆ రాయి ఎట్లా పుట్టిందో అది చెప్పదు.

మా పులివెందుల వైపు రా, చూపిస్తా. వేంపల్లె రాతి పొరల్లో లావాగా పారిన బసాల్టూ ఉంది, పొరల సందుల్లోకి దూరి గట్టిపడిన డోలరైట్ సిల్లులూ ఉన్నాయి. రెండూ నల్లరాళ్లే, ఖనిజాలూ ఇంచుమించు అవే. తేడా తెలియాలంటే పై అంచు దగ్గర కూర్చుని చూడాల. పారిన లావా అయితే పైభాగంలో గాలిబుడగల గుంతలు, వాటిలో తర్వాత నిండిన తెల్లటి ఖనిజాలు కనబడతాయి. దూరిన సిల్లయితే తన నెత్తిమీదున్న సున్నపురాయిని కూడా కాల్చేసి ఉంటుంది. మన రాతినార గనులు ఆ కాలిన అంచు వెంబడి వచ్చినవే.

మార్స్ మీదా ఇదే తంటా. గుసేవ్ బిలంలోకి పాత నదిలోయ వచ్చి కలవడం ఫోటోల్లో చూసి, అది ఒకప్పటి చెరువనుకొని 2004 జనవరిలో స్పిరిట్ రోవర్‌ను దించారు. దిగినచోట చుట్టూ చెరువు మట్టి కాదు, ఓలివిన్ ఉన్న బసాల్ట్ రాళ్లే!

కర్నూలు_మాస్టారు:
ఒక్క గుసేవ్‌ను పట్టుకుని ఆర్బిటర్లను తక్కువ చేయొద్దు నాయనా. మార్స్ మీది మెరిడియాని మైదానంలో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉందని ముందు చెప్పింది మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే ఆర్బిటరే. అదే ఏడాది అక్కడ దిగిన ఆపర్చునిటీకి హెమటైట్ గుండ్లు కుప్పలుగా కనబడ్డాయి. ఆ రోవర్ తన జీవితమంతా నడిచింది 45 కిలోమీటర్లు. అంటే కర్నూలు నుంచి డోన్ దాకా కూడా లేదు. మిగతా గ్రహాన్ని ఎవరు చూడాలి? నన్నడిగితే డబ్బు ముందు ఆర్బిటర్లకే పెట్టాలి.

వేంపల్లె_రాయి:
యాడ దిగాలో చెప్పేది ఆర్బిటరే, అది కాదనను సార్. కానీ సర్వేయర్ కొలతలనే తీసుకోండి. మార్స్ ఉత్తర మైదానాల రాళ్లు ఆండెసైట్ (బసాల్ట్ కన్నా సిలికా ఎక్కువున్న లావారాయి) అని 2000లో రాశారు. 2002లో ఇంకొకరు అదే పరారుణ కాంతి గుర్తు చూసి, కాదు, నీళ్ల తాకిడికి చివికిపోయిన బసాల్ట్ కావచ్చన్నారు. ఆండెసైట్ అయితే లోపలి మాగ్మా కథ, చివికిన బసాల్ట్ అయితే నీటి కథ. రెండింటికీ ఎంత దూరం! మార్స్ మీది థార్సిస్ అగ్నిపర్వతాల మీదైతే దుమ్ము మందంగా పేరుకుపోయి, కింది రాయి గుర్తే సరిగా అందదు.

అనంతపురం_ఎమ్మెస్సీ:
మరి రోవర్ తేల్చిన ఉదాహరణ ఏదైనా ఉందా అన్నా?

వేంపల్లె_రాయి:
మార్స్ మీది జెజిరో బిలం ఉంది. ఆ బిలం అడుగు లావానా, నీళ్లు తెచ్చి పేర్చిన మట్టినా అని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. 2021లో పర్సెవరెన్స్ రోవర్ దిగి, సీటా అనే చోట రాతి పైచర్మం గీకి చూసింది. లోపల పెద్ద పెద్ద ఓలివిన్ గింజలు, వాటి సందుల్లో పైరాక్సీన్. మాగ్మా నిదానంగా చల్లారుతూ ఉంటే గింజలు అడుక్కి దిగి పేరుకున్న రాయి అది. ఆ గింజల అమరిక ఆర్బిటర్‌కు కనబడేది కాదు సార్.