‘రహస్య ఆయుధం’ అనొచ్చా? గౌను మాటున తుపాకి గురించి

అడిగిన మాట
అమెరికా కోర్టుల భద్రత మీద ఒక వ్యాసం తెలుగులోకి వస్తోంది. ‘కన్సీల్డ్ ఫైర్‌ఆర్మ్’ (బట్ట కింద, కనబడకుండా ఒంటిమీద ఉంచుకునే తుపాకి) అన్నచోట ఒకసారి ‘రహస్య ఆయుధం’, ఒకసారి ‘దాచిన ఆయుధం’, ఇంకోసారి ‘గుప్త మారణాయుధం’ అని పడింది. శీర్షిక: ‘న్యాయమూర్తులు న్యాయస్థానంలో రహస్య ఆయుధాలు ధరించవచ్చా?’ వీటిలో ఏది ఉంచాలి? అసలు ఒక్కటైనా పనికొస్తుందా? (కింద జవాబుల పైన ఉన్నవి వాటిని రాసినవాళ్లు పెట్టుకున్న మారుపేర్లు.)

పదకోశం
మూడూ తీసేయండి. ‘రహస్య ఆయుధం’ అంటే అలాంటిదొకటి ఉందనే ఎవరికీ తెలియని ఆయుధం. జడ్జి దగ్గరున్న తుపాకి అలాంటిది కాదు, లైసెన్సుతో కొన్నది. పైకి కనబడదు, అంతే.

‘దాచిన ఆయుధం’ ఇంకా ఇబ్బంది. తెలుగువాడికి ఆ మాట వినగానే జమ్మిచెట్టు గుర్తొస్తుంది. విరాటుడి కొలువుకు పోయేముందు పాండవులు ఆయుధాలు దాచారంటే, వాటిని వదిలేసి వెళ్లారని. కావలసినప్పుడు చెట్టు దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాల్సిందే. కన్సీల్డ్ క్యారీ దీనికి సరిగ్గా ఎదురు. అందులో మూడు సంగతులు ఉండాలి: తుపాకి ఒంటిమీద ఉండాలి, చేతికి అందాలి, బట్ట కింద ఉండాలి. ‘దాచిన’లో మొదటి రెండూ ఎగిరిపోతాయి.

‘మారణాయుధం’ పోలీసులు ముఠాలను పట్టుకున్నప్పుడు వేటకొడవళ్లకు వాడే మాట. లైసెన్సున్న తుపాకికి ఆ పేరు పెడితే చర్చ మొదలవకముందే ఒక పక్షం ఓడిపోయినట్టు. ‘ధరించు’ కూడా ఇక్కడ పొసగదు. కిరీటం ధరిస్తారు, కవచం ధరిస్తారు, అవి పదిమందికీ కనబడేవి.

పాతమాటలు
మనకు అచ్చమైన మాట ఉందిగా, రొంటిన దోపుకోవడం! పంచె మడతలో డబ్బు, చుట్ట, బాకు అన్నీ రొంటినే ఉండేవి. చేతికర్రలో కత్తి ఇమిడ్చినదాన్ని గుప్తి అంటాం, అదీ ఉంది.

ఆయుధ చట్టం చూసే లాయరు
గుప్తిలో మారువేషం వేసింది ఆయుధమే, చూసేవాడికి అది కర్ర. ఇక్కడ తుపాకి తుపాకిగానే ఉండి బట్ట చాటున ఉంటుంది. కాబట్టి ఆ మాట కుదరదు. రొంటి చక్కటి మాటే గానీ, ‘దోపుకోవడం’ చెప్పే పద్ధతే ప్రమాదాలకు మూలం. నడుము దగ్గర ఒర లేకుండా దోపిన తుపాకి కూర్చున్నప్పుడల్లా జరుగుతుంది. జారుతుంటే పట్టుకోబోయిన చెయ్యి నేరుగా ట్రిగ్గరు మీద పడుతుంది, లేదా చొక్కా అంచు అందులో ఇరుక్కుంటుంది. గుండు పోయేది తొడలోకో పొత్తికడుపులోకో.

అందుకే ‘ఒర’ అన్న మాట అనువాదంలో రావాలి. హోల్‌స్టరుకు అంతకన్నా మంచి మాట లేదు. ఒర మూడు పనులు చేస్తుంది: ట్రిగ్గరును పూర్తిగా కప్పుతుంది, తుపాకిని ఒకే కోణంలో నిలుపుతుంది, పక్కవాడు లాగితే ఊడిరాకుండా పట్టి ఉంచుతుంది. నిందితుడు నాలుగడుగుల దూరంలో నిలబడే కోర్టు హాల్లో ఆ మూడోదే ముఖ్యం.

మన 2016 ఆయుధ నియమాలు చూస్తే మీ ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకిని ఒరలో పెట్టి, పూర్తిగా కప్పి, అదుపులో ఉంచుకుని తీసుకెళ్లాలి. బయటికి తీసి ఝళిపిస్తే తప్పు. అమెరికాలో కనబడేలా పెట్టుకోవడం, కనబడకుండా పెట్టుకోవడం అని రెండు పద్ధతులు, రాష్ట్రానికో రకం. మన దగ్గర లైసెన్సుదారుకు కప్పి ఉంచడమే నియమం. ‘కప్పి’ అనడంలో తప్పుచేసిన వాసన లేదు, ‘దాచి’ అనడంలో ఉంది. సాక్ష్యం దాచారు, నిజం దాచారు అంటామే, అదీ తేడా.

ఇక్కడ జడ్జి అయినంత మాత్రాన లైసెన్సు రాదు. కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనరుకు, మిగతాచోట్ల జిల్లా మేజిస్ట్రేటుకు అందరిలాగే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు 5 ఏళ్లు. అమెరికా వ్యాసంలో ‘9 ఎంఎం పిస్తోలు’ అని వస్తే దాన్ని మామూలు తుపాకిలా వదిలేయకండి. అక్కడ అది మామూలే, ఇక్కడ నిషిద్ధ కాలిబర్ (గుండు కొలత). మనవాళ్లకు సాధారణంగా దొరికేది .32 రివాల్వరు.

టెక్సాస్ తెలుగు
‘న్యాయమూర్తి’ గురించి కూడా ఒక మాట. హైకోర్టు, సుప్రీంకోర్టు వాళ్లను న్యాయమూర్తి అంటాం, జిల్లా స్థాయిలో జడ్జి, న్యాయాధికారి. తుపాకి చర్చ ఎక్కువగా కింది కోర్టుల గురించే, కాబట్టి శీర్షికలో ‘జడ్జీలు’ అనండి. ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ (చిన్న కేసులు చూసే కింది స్థాయి పదవి) అని వస్తే అసలు న్యాయమూర్తి అనకండి. టెక్సాసులో ఆ పదవికి న్యాయశాస్త్ర పట్టా కూడా తప్పనిసరి కాదు.

చట్టం సంగతికొస్తే, టెక్సాస్ శిక్షాస్మృతి 46.03 సెక్షన్ కోర్టులోకి తుపాకి తేవడాన్ని నిషేధిస్తుంది, 46.15 లైసెన్సున్న జడ్జీలను మినహాయిస్తుంది. ఫెడరల్ కోర్టు భవనాల్లో మామూలు మనిషి తెస్తే రెండేళ్ల వరకు జైలు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు కోర్టు భవనాలను ‘సెన్సిటివ్ ప్లేసెస్’లో చేర్చింది. దీన్ని ‘సున్నిత ప్రాంతాలు’ అని రాస్తే మనవాళ్లు గొడవలు జరిగే ఊళ్లనుకుంటారు, ఎన్నికలప్పుడు పేపర్లు నేర్పిన అర్థం అది. ‘ఆయుధ నిషేధ స్థలాలు’ అనండి.

తుపాకి వద్దనేవాళ్లు ఒహాయో సంఘటనను పక్కన పెట్టకూడదు. 2017 ఆగస్టు 21న స్టూబెన్‌విల్‌లో కోర్టు పక్కనే ఒక జడ్జి మీద కాల్పులు జరిగాయి. ఆయన తన తుపాకితో ఎదురు కాల్చి బతికారు. దుండగుణ్ని చంపిన గుండ్లు అక్కడే ఉన్న ప్రొబేషన్ అధికారివి.

కోర్టు తర్జుమా
నిజమే, కానీ అది కోర్టు బయట. శీర్షికలో ‘న్యాయస్థానంలో’ అని ఉంది, అంటే కోర్టు హాల్లో, అక్కడ లెక్క మారిపోతుంది. అమెరికా జడ్జి గౌనుకు ముందు జిప్పు ఉంటుంది. నడుముకున్న ఒర అందాలంటే జిప్పు తీయాలి, గౌను పక్కకు లాగాలి, కుర్చీ చేతులు అడ్డు. మన జడ్జీల గౌను ముందు తెరిచే ఉంటుంది గానీ లోపల కోటు బొత్తాలు పెట్టి ఉంటాయి. అందుకే కొందరికి బల్ల సొరుగులో పెడితే పోలా అన్న ఆలోచన వస్తుంది. అప్పుడది పదకోశం గారు చెప్పిన జమ్మిచెట్టు తుపాకి. జడ్జి చాంబరుకు లేచి వెళ్లినా అది బల్లలోనే ఉండిపోతుంది.

అట్లాంటాలో 2005 మార్చి 11న జరిగింది ఇదే తీరు. నిందితుడికి కాపలా ఉన్న డిప్యూటీ (షెరీఫ్ కింది అధికారిణి) తుపాకి ఒంటిమీద లేదు, తాళం పెట్టెలో ఉంది. సంకెళ్లు తీస్తున్న సమయంలో నిందితుడు ఆమెను కొట్టి పడేసి, తాళాలు లాక్కుని, పెట్టె తెరిచి, ఆ తుపాకి తీసుకుని కోర్టు హాల్లోకి వెళ్లి జడ్జిని, స్టెనోను కాల్చి చంపాడు.

ఢిల్లీ రోహిణి కోర్టు చూడండి. 2021 సెప్టెంబరు 24న ఇద్దరు దుండగులు లాయర్లలా నల్లకోట్లు వేసుకుని వచ్చి, హాల్లోనే ఒక విచారణ ఖైదీని కాల్చేశారు. పోలీసులు ఆ ఇద్దరినీ అక్కడే కాల్చారు. ఆ క్షణంలో బెంచి మీది నుంచి చూస్తే కిందంతా నల్లకోట్లే. ఎవరి మీద గురిపెట్టాలి? గురి తప్పితే వెనక బెంచి గుమాస్తా, బోనులో సాక్షి, బల్లల మీద కక్షిదారులు.

నా అభిప్రాయం దాచను. ఇంటికీ, దారికీ లైసెన్సు కావాలంటే ఇవ్వాలి. న్యూజెర్సీలో 2020లో ఫెడరల్ జడ్జి కొడుకును చంపింది ఇంటి గుమ్మంలోనే. హాల్లోకి మాత్రం వద్దు. అక్కడ తనిఖీ ద్వారం, బల్ల కింద అలారం మీట, బెంచి లోపల గుండు దూరని పలక, జడ్జి వెనకే చాంబరులోకి తలుపు ఉండాలి. ఆ తలుపు ఒక్క తోపుతో తెరుచుకుని, వెనక తనంతట తాళం పడాలి. ధన్‌బాదులో 2021లో నడకకు వెళ్లిన జడ్జిని ఆటోతో గుద్ది చంపారు, అక్కడ ఏ తుపాకీ ఆదుకునేది కాదు.

పాతమాటలు
సరే, రొంటి వదిలేశా. ‘మాటున’ ఎలా ఉంటుంది? కొంగు మాటున దీపం అంటామే. దీపం ఉంది, చేతిలోనే ఉంది, బయటికి కనబడదు. ‘గౌను మాటున తుపాకి’.

పదకోశం
చాలా బాగుంది! ‘మాటు వేయడం’లో పొంచి ఉండటం ధ్వనిస్తుంది గానీ, ‘మాటున’ అన్నప్పుడు ఆ అర్థం రాదు. శీర్షికకు ఇదే పెట్టండి. చట్టం మాట్లాడే చోట మాత్రం ‘ఒరలో కప్పి ఒంటిమీద ఉంచుకున్న తుపాకి’ అని పూర్తిగా రాయాలి. పొడుగే, కానీ అందులో ఏ ముక్క తీసినా అర్థం పోతుంది. ప్రశ్న ఇలా ఉండొచ్చు: ‘జడ్జీలు కోర్టు హాల్లో కూడా గౌను మాటున తుపాకి ఉంచుకోవచ్చా?’ ఆ ‘కూడా’ తీసేయకండి. పైన జరిగిన వాదమంతా దాని మీదే.

టెక్సాస్ తెలుగు
ఇంకొకటి. అదే వ్యాసం మూడో పేరాలో బెయిలిఫ్‌ను ‘అమీనా’ అని రాశారు. మన అమీనా సమన్లు, జప్తు పనులు చూస్తాడు, చేతిలో కాగితాలుంటాయి. అక్కడి బెయిలిఫ్ హాల్లో నిలబడి జడ్జికి కాపలా కాసేవాడు, చాలాచోట్ల నడుముకు తుపాకి ఉంటుంది. అలాగే వదిలేస్తే, జప్తుకు వచ్చే అమీనా జడ్జిని తుపాకితో కాపాడుతున్నాడని చదువుకుంటారు. ‘హాలు కాపలా అధికారి’ అని మార్చండి.