డాక్టరుగారికి మెసేజ్ నాన్న పెట్టాలా, నేను పెట్టాలా?

కూకట్‌పల్లి పెద్దకొడుకు:
నాన్నకు 74 ఏళ్లు. సైనిక్‌పురిలో ఒక్కరే ఉంటారు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఎన్నేళ్లుగానో చూస్తున్న డాక్టరుగారు, చిన్న సందేహాలుంటే వాట్సాప్‌లో అడగమన్నారు. నాన్న మైకు నొక్కి తెలుగులో చెప్తారు, ఫోనే టైప్ చేస్తుంది. అది మోకాలి నొప్పితో మొదలై, పక్కింటాయన ఆపరేషన్ మీదుగా తిరిగి, "మాత్రలు అయిపోయాయండి" దగ్గరికి వచ్చేసరికి పేజీ నిండుతుంది. చదివే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మూడు నెలలుగా నేనే పెడుతున్నాను. బీపీ ఇంత, ఫాస్టింగ్ ఇంత, మందులు అవే వాడాలా? పది నిమిషాల్లో జవాబు వస్తోంది. నాన్నకేమో కోపం. "నా ఒంట్లో సంగతి నీకెలా తెలుసురా?" అంటున్నారు. నాది తప్పా?

నారాయణగూడ చిన్నమ్మాయి:
తప్పేం లేదన్నయ్యా. అపాయింట్‌మెంట్ కోసమని ఎవడో ఫోన్ చేస్తే మా అమ్మ ఓటీపీ చెప్పబోయింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. పైగా రోజూ పొద్దున్నే డాక్టరుగారికి గులాబీ పూలతో గుడ్ మార్నింగ్! ఆయన విసిగిపోయి మ్యూట్ చేసినట్టున్నారు, అసలు అవసరమైన రోజు జవాబే లేదు. అప్పటినుంచి ఆ పని నాదే.

మల్కాజిగిరి తాతయ్య:
నాకు 71. మీ ఇద్దరికీ మంచి మనసే ఉంది, కాదనను. కానీ నా సంగతి వినండి. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూంకు లేచేవాణ్ని. డాక్టరుకు మెసేజ్ అంటే మా కోడలి ఫోన్ నుంచే. ఆ అమ్మాయికి ఇది ఎలా చెప్పను? "ఎలా ఉంది మామయ్యా?" అంటే "బానే ఉందమ్మా" అనేవాణ్ని. ఆరు నెలలు అలాగే నెట్టాను. చివరికి మనవడు నా ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి, డాక్టరు నంబరు పైన కనబడేలా పిన్ చేసిచ్చాడు. ఆ రాత్రే నేను పెట్టాను. ప్రోస్టేట్ వాపని తేలింది, ఇప్పుడు మందు వాడుతున్నాను.
బాబూ, నువ్వు పంపేది మీటరు రీడింగు. కరెంటు ఆఫీసుకైతే సరిపోతుంది. ఇక ఓటీపీ భయం నిజమే తల్లీ, కానీ దానికి మీ అమ్మ మాట లాగేసుకుంటే ఎలా?

నారాయణగూడ చిన్నమ్మాయి:
మా అమ్మకు మతిమరుపు అంకుల్. పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రానికి గుర్తుండదు. అందరి ఇళ్లూ మీ ఇల్లులా ఉండవు.

బోడుప్పల్ ఫ్యామిలీ డాక్టర్:
ఈ కథ అటువైపు నుంచి రోజూ చూస్తుంటాను. 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ (ఫోన్లోనో, ఆన్‌లైన్‌లోనో వైద్యం చెప్పడం) మార్గదర్శకాలు ఇచ్చింది. వాట్సాప్‌లో చూడటం వాటి ప్రకారం తప్పు కాదు. నేరుగా చూపించుకున్న ఆరు నెలల లోపు, అదే జబ్బుకు, అదే డాక్టరును అడిగితే ఫాలోఅప్ కింద లెక్క. పేషెంట్ తరఫున ఇంట్లోవాళ్లూ మాట్లాడొచ్చు. కానీ పేషెంట్ పక్కన లేకపోతే ఆయన రాసిచ్చిన అనుమతో, బంధుత్వానికి ఆధారమో, అలాంటిదేదో ఉండాలి. ఇది ఎవరూ పట్టించుకోరు, నిజం చెప్పాలంటే నేను కూడా అడగను. నార్కోటిక్, సైకోట్రోపిక్ మందులు, అంటే మత్తు, అలవాటు కలిగించే రకాలు మాత్రం ఇలా రాయడానికి లేదు. రాత్రి పదకొండుకు "నిద్రమాత్ర పేరు చెప్పండి సార్" అంటే అందుకే నా దగ్గర జవాబుండదు.
ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటివి దయచేసి మెసేజ్ పెట్టకండి. 108కి చేయండి. నీలం టిక్కులు పడ్డాయి కాబట్టి డాక్టరు చూసుకుంటాడని కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.
మతిమరుపు ఉన్నవాళ్లకు ఇంట్లోవాళ్లే రాయాలి, అక్కడ చిన్నమ్మాయిగారి మాటే మాట. మిగతావాళ్ల మెసేజ్ పేజీ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అసలు సంగతి తరచుగా చివరి వాక్యంలో ఉంటుంది.

కూకట్‌పల్లి పెద్దకొడుకు:
పదిరోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నాన్ననే పెట్టమన్నాను. మళ్లీ పేజీ! మోకాలు, పక్కింటాయన, కొత్తగా పనిమనిషి మానేసిన సంగతి. వాటి మధ్యలో "సాయంత్రానికి చెప్పులు పట్టడం లేదండి" అని ఒక ముక్క. అరగంటలో డాక్టరుగారు ఫోన్ చేసి రమ్మన్నారు. వేలితో నొక్కి చూస్తే పాదం మీద గుంట పడింది. కిడ్నీ, గుండె పరీక్షలు చేయించారు, అవి బాగానే ఉన్నాయి. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి పాదాలు వాస్తాయట, అది మార్చి వేరే మాత్ర రాశారు. మూడు నెలలుగా నేను "అవే వాడాలా?" అని అడుగుతూ వచ్చిన వాటిలో అదీ ఉంది.
వాపు గురించి నాకెందుకు చెప్పలేదని నాన్నను అడిగాను. "నువ్వు బీపీ ఎంత అని అడిగావు, బీపీ చెప్పాను" అన్నారు.
పక్కింటాయన ఆపరేషన్ ఎలా జరిగిందని డాక్టరుగారు అడిగారట. అది మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు నాకు.