యూత్ సెంటర్ బాగుందో లేదో మార్కులేసేది ఎవరు?

పర్లాకిమిడి పిల్లోడు:
మా ఊళ్లో ఒక సంస్థ (పేరెందుకులెండి) కుర్రోళ్ల కోసం సెంటర్ నడుపుతంది. రెండు గదులు, క్యారంబోర్డు, నాలుగు కంప్యూటర్లు, పోటీపరీక్షల పుస్తకాలు. నేను రెండేళ్లబట్టి అక్కడ వాలంటీర్ని. పోయిన నెల డబ్బులిచ్చేవాళ్లు వస్తన్నారని హడావుడిగా ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు, ఒకటి నుంచి ఐదు మార్కులు, ఫారమేమో ఇంగ్లీషు, మా గుంటలు ఇంట్లో తెలుగు బళ్లో ఒడియా, కొందరైతే కొండ మీంచి దిగొచ్చే సవర పిల్లలు, వాళ్లకి తెలుగు కూడా పక్కింటి భాషే. సారు ఫారం పట్టుకుని తెలుగు చేసి "కార్యక్రమాల పట్ల మీరు సంతృప్తి చెందారా" అని చదివితే ఒకడు లేచి "తినేసొచ్చానండి" అన్నాడు, గది గదంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత సారు పక్కనే నిలబడితే రెండు మార్కులు ఎవడేస్తాడు చెప్పండి, ముప్పై చిల్లర ఫారాలు, అన్నీ ఐదులే. రిపోర్టులో అదే "యువత దృష్టిలో నాణ్యత" అని ఎక్కిపోయింది. అసలు ఈ మార్కులు కుర్రోళ్లు వెయ్యాలా? వేస్తే ఎలా వేయించాలి?

బరంపురం మాస్టారు:
బాబూ, కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. నేను కాలేజీలో చాలా ఏళ్లు ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ చూశాను. 1969లో మొదలైన స్కీము, పిల్లాడు ఏడాదికి 120 గంటలు చొప్పున రెండేళ్లు చెయ్యాలి, మధ్యలో 7 రోజుల క్యాంపు. క్యాంపు మూడోరోజు అడిగుంటే మా పిల్లలు నాకు సున్నా వేసుండేవాళ్లు! చెరువుగట్టుకి మట్టి మొయ్యడం, దోమలు, ఉడికీ ఉడకని అన్నం. ఆ సున్నా వేసే బాపతులో ఒకడు ఇరవై ఏళ్ల తర్వాత రైల్లో కనపడి, మాస్టారూ నేను పదిమందిలో మొదటిసారి నోరెత్తింది ఆ క్యాంపులోనే అన్నాడు. దీనికి ఏ ఫారంలో గడి ఉంది? అప్పటికప్పుడు నచ్చిందే నాణ్యత అంటే టీవీ పెట్టి క్రికెట్ వేసెయ్యండి, అందరూ ఐదే ఇస్తారు.

గుణుపూర్ అమ్మాయి:
మాస్టారూ, రైల్లో కనపడినోడు కనపడ్డాడు సరే, కనపడనోళ్ల సంగతేటి? క్యాంపు సగంలో ఇంటికెళ్లిపోయినోళ్లు మీకు రైల్లో ఎదురైనా పలకరించరు కదండీ. మా దగ్గర సెంటర్‌కి మొదట్లో అమ్మాయిలం పది పన్నెండుమందిమి వెళ్లేవాళ్లం, ఆర్నెల్లకి ఇద్దరం మిగిలాం. రిజిస్టర్‌లో హాజరు మాత్రం తగ్గలేదు, అబ్బాయిలు పెరిగారు కాబట్టి మొత్తం కలిపితే ప్రోగ్రెస్సే. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు సాయంత్రం ఆరున్నరకి పెట్టారు, అయ్యేసరికి ఎనిమిది, రోడ్డు మీద లైట్లుండవు, అదొకటైతే బాత్రూం తలుపుకి లోపల గడియ లేదు. ఒకళ్లు బయట కాపలా ఉంటే ఇంకొకళ్లు వెళ్లాలి. మూడుసార్లు చెప్పాం. ఎందుకు మానేశారని మాలో ఒక్కర్నీ ఎవరూ అడగలేదు, ఫారాలు ఎప్పుడూ ఉన్నోళ్లకే ఇస్తారు.

ఎక్సెల్ బాధితుడు:
ఆ రిజిస్టర్లని షీట్‌లో ఎక్కించేది నాలాంటోడే అక్కా. మూడు నెలలకోసారి ఎంతమంది వచ్చారు, ఎన్ని మీటింగులు, ఎన్ని ఫోటోలు. నంబర్ లేకపోతే నాకూ జీతం రాదు, మీ సెంటర్‌కి కరెంటు బిల్లూ కట్టరు, ఇది కూడా చూడండి. గడియ అన్నారు, బాగుంది, దాన్ని ఏ కాలమ్‌లో పెట్టమంటారు? ఇంకో తమాషా ఏంటంటే 2014 జాతీయ యువజన విధానం ప్రకారం యువత అంటే 15 నుంచి 29, అంటే పదోక్లాసు పిల్లకీ ఇద్దరు పిల్లల తండ్రికీ ఒకటే ఫారం.

సిరొంచ గట్టు:
మాది మహారాష్ట్రల ప్రాణహిత ఒడ్డు, గోదావరి దాటితే కాళేశ్వరం. మీకు ఒడియా అయితే మాకు మరాఠీ, కథ ఒక్కటే. రోజర్ హార్ట్ అనేటాయన 1992ల యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యం మీద ఎనిమిది మెట్ల నిచ్చెన రాసిండు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటడు, పెద్దోళ్లు తమ పనికి వాడుకునుడు, అలంకారానికి నిలవెట్టుడు, పేరుకు కూసోవెట్టుడు. జనవరి 12 యువజన దినోత్సవం నాడు మా పోరగాళ్లు బ్యానర్ పట్టుకొని ఎంతసేపు నిలవడ్డరో, మైకు మాత్రం పెద్దమనుషుల చేతులనే తిరిగింది. గది నిండింది, ఫోటో మంచిగొచ్చింది. నేనైతే ఫారం చూడ, సెంటర్ తాళంచెవి ఎవరి జేబుల ఉంటదో చూస్త.

బరంపురం మాస్టారు:
తాళంచెవి మాట బాగుందయ్యా. మేమూ ఇచ్చి చూశాం. మూడు నెలల్లో క్యారం కాయిన్లు సగం మాయం.

గుణుపూర్ అమ్మాయి:
కాయిన్లు పోతే కొనుక్కోవచ్చు మాస్టారూ, మేం పది మందిమి పోతే లెక్కలోకే రాలేదు.

బరంపురం మాస్టారు:
ఒప్పుకున్నానమ్మా. మానేసినవాళ్లని అడగాలన్నది న్యాయమే, నాకెప్పుడూ తోచలేదు. కానీ ఒకటి, పిల్లలు చెప్పిందల్లా చెయ్యలేం, చెయ్యలేనప్పుడు ఎందుకు చెయ్యలేమో ముఖం మీద చెప్పాలి. డబ్బాలో చీటీలు వేయించి ఆ డబ్బా తెరవని చోటు నేను చూశాను, దానికన్నా అడక్కపోవడం నయం.

ఎక్సెల్ బాధితుడు:
ఇదైతే కాలమ్ అవుద్ది మాస్టారూ! ఏం అడిగారు, ఏమైంది, కాకపోతే ఎందుకు కాలేదు, ఆ సంగతి తిరిగి వాళ్లకి ఎవరు చెప్పారు. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ పెట్టి చూస్తాను. ఫారం మాత్రం సెంటర్ మనిషి పంచకూడదు, వేరే సెంటర్ కుర్రోళ్లు వచ్చి పంచాలి, ఆ టైంకి సారు టీకి పోవాలి.

పర్లాకిమిడి పిల్లోడు:
మీరంతా అన్నాక పాత రిజిస్టర్ తీసి, రావడం మానేసినోళ్లలో నలుగురి ఇళ్లకి ఆదివారం సైకిలేసుకుని వెళ్లాను. ఒకడు సూరత్ పనికి పోయాడు, ఒకమ్మాయికి పెళ్లయిపోయింది, ఇంకొకడు ఏటి చెప్పాలో తెలీక నాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి పంపాడు. నాలుగోవాడు ఆ "తినేసొచ్చానండి" అన్న సవర కుర్రోడే. నేను వాడు పనిలో పడి రావట్లేదనుకున్నాను. ఆ మాట వాడికి తెలీదట, సంతృప్తి అంటే కడుపు నిండటమే అనుకున్నాడట, ఆరోజు నుంచే సెంటర్‌కి రావడం లేదు. ఫారంలో ఐదు ఎందుకేశావురా అంటే తొందరగా బయటపడిపోదామని అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, "అందరికన్నా గట్టిగా నువ్వే నవ్వావన్నా" అన్నాడు.

ఎక్సెల్ అన్నా, వాడి పేరు రాయకుండా ఇది ఎక్కించగలవా?