వీల్‌చెయిర్‌లో రుషికొండ, అరకు: ఏది వీలవుతుంది?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

మా తమ్ముడికి మూడేళ్ల క్రితం జరిగిన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ కింది భాగంలో స్పర్శ, కదలిక లేవు. చేతులు బలంగానే ఉన్నాయి, కుర్చీ తానే నడుపుకుంటాడు. డిసెంబరులో విశాఖ వెళ్లి రుషికొండ తీరంలో నీళ్లను తాకాలనీ, తరువాత బొర్రా గుహలు, అరకు చూడాలనీ అతని కోరిక. నిరుడు ఒక విడిదివారు 'వీల్‌చెయిర్ వస్తుందండీ' అని ఫోనులో చెప్పిన మాట నమ్మి వెళితే గుమ్మం ముందు ఐదు మెట్లు ఎదురయ్యాయి. ఇద్దరు పనివాళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు, ఆ రెండు రోజులూ అతను గది దాటి రాలేదు. ఈసారి ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి?

సమాధానం 1 (విశాఖపట్నం)

'వస్తుందా' అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు కనుక కొలతలు అడగండి: గుమ్మం ముందు మెట్లెన్ని, స్నానాలగది తలుపు వెడల్పెంత, ర్యాంపు పొడవెంత. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల ర్యాంపు ఉండాలి. మీరు చెప్పిన ఐదు మెట్లు రెండున్నర అడుగుల ఎత్తనుకుంటే ముప్పై అడుగులు కావాలి. మెట్లపై పలక వాల్చి అదే ర్యాంపు అనేవారూ ఉన్నారు, జాగ్రత్త. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని గుర్తుచేయడంలో తప్పులేదు.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది, దివ్యాంగుల రాకపోకల సౌకర్యం ఆ గుర్తింపు ప్రమాణాల్లో ఒకటి. అయినా మామూలు కుర్చీ ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలను ముందు పోనిచ్చి లాగితే కొంత దూరం వెళ్లవచ్చు. లావు టైర్ల బీచ్ కుర్చీ ఆ రోజు సిద్ధంగా ఉంటుందో లేదో ముందురోజే అడగండి. బొర్రా గుహల్లోకి మెట్లు దిగాలి కనుక మోయించుకోక తప్పదు. అరకు రైలు ప్రయాణం అందమైనదే, కానీ బోగీ తలుపు, లోపలి నడవ మామూలు కుర్చీకి ఇరుకు. కారులో ఘాట్ రోడ్డు మీదుగా వెళితే గాలికొండ దృశ్యాన్ని రోడ్డు పక్క నుంచే చూడవచ్చు.

సమాధానం 2 (చెన్నై, ఫిజియోథెరపిస్టు)

ఛాతీ స్థాయి గాయం ఉన్నవారికి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కినా త్వరగా తెలియదు. నీడ, తడిబట్ట, నీళ్లు దగ్గరుంచండి. కాలిన ఇసుక తగిలినా నొప్పి తెలియదు కాబట్టి కాళ్లకు బూట్లు ఉండాలి, తడిబట్టలతో కూర్చోనివ్వకండి. పావుగంటకో అరగంటకో చేతులపై లేచి బరువు తప్పించుకోవడం ఎక్కడున్నా మానకూడదు, ఒకేచోట ఒత్తిడికి పుండు పడితే నయం కావడానికి నెలలు పడుతుంది.

ఇక్కడి మెరీనాలో 2022 నవంబరులో ఇసుకపై చెక్కబాట వేశారు. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరు దాని మీదుగా తొలిసారి అలల దగ్గరికి వెళ్లారు. డిసెంబరులో వచ్చిన మాండూస్ తుపానుకు అందులో కొంత దెబ్బతింది, అంటే కట్టడంతో పని అయిపోదు, మరమ్మతుకూ డబ్బు కేటాయించాలి.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడికి ఇవన్నీ చదివి వినిపించాను. బొర్రాను జాబితాలోంచి తానే కొట్టేశాడు. విడిదికి ఫోను కూడా తానే చేసి, తలుపు కొలిచి ఫొటో పంపమన్నాడు. ఎండ ముదరకముందే, ఉదయం ఆరింటికల్లా రుషికొండలో ఉండాలంటున్నాడు.