స్టేషన్ మాస్టర్‌కి 35,400, ఏఎల్‌పీకి 19,900: ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: ఫిట్టర్ ఐటీఐ ఉంది, డిగ్రీ కూడా అయింది. రైల్వేలో రెండింటికీ రాయొచ్చు. అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) జీతం లెవెల్ 2, స్టేషన్ మాస్టర్‌ది లెవెల్ 6. ఎండలో, వానలో ఇంజిన్ మీద ఉండేవాళ్లకి తక్కువ, స్టేషన్లో కూర్చునేవాళ్లకి ఎక్కువా? ఏది రాయమంటారు?

జవాబు 1: ‘కూర్చునేవాళ్లు’ అనకు తమ్ముడూ. హోమ్ సిగ్నల్ (బండిని స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) ఫెయిలైందనుకో. కాలింగ్ ఆన్ సిగ్నల్ (ఆగిన బండిని మెల్లగా లోపలికి పిలిచే చిన్న సిగ్నల్) లేని చోట పాయింట్స్‌మన్‌ని పంపి, పాయింట్లు (బండిని లైన్ మార్చే కదిలే పట్టాలు) సరైన లైన్‌కి పెట్టించి, కదలకుండా క్లాంప్ బిగించి తాళం వేయించాలి. అంతా ఖాయమయ్యాకే టి/369(3బి) అనే అనుమతి పత్రం రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం చూసి లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటుతాడు. లైన్ క్లియర్‌కి (బండి పంపడానికి పక్క స్టేషన్‌తో జరిగే అనుమతి) వాడిన ప్రైవేట్ నంబర్ (ఆ అనుమతికి రుజువుగా చెప్పే రహస్య నంబర్) కొట్టెయ్యడం మర్చిపోయినా తప్పే. ఈ బాధ్యత మొదటి పోస్టింగ్ నుంచే ఒంటరిగా మోయాలి, అందుకే డిగ్రీ అడుగుతారు. ఏఎల్‌పీ పక్కన లోకో పైలట్ ఉంటాడు. ఏఎల్‌పీ సీనియర్ అయ్యి, గూడ్స్ లోకో పైలట్‌గా బండి తన చేతికొచ్చాక తనదీ లెవెల్ 6, అదే 35,400.

జవాబు 2: పై మాట నిజమే, కానీ ఏఎల్‌పీ పని తేలికనుకోవద్దు. గూడ్స్‌లో బ్రేక్ పైపు ఊడితే 5 కేజీల ప్రెషర్ పడిపోయి బండి ఆగిపోతుంది. అర్ధరాత్రి టార్చ్‌తో 58 వ్యాగన్ల పొడవునా, అర కిలోమీటరు పైనే, కంకర మీద నడిచి ఎక్కడ ఊడిందో పట్టాలి.

జీతం లెక్కలో 19,900 దగ్గరే ఆగొద్దు. రన్నింగ్ స్టాఫ్‌కి (బండి మీద పనిచేసే సిబ్బందికి) మూల వేతనంలో 30 శాతం కలిపి డీఏ, హెచ్‌ఆర్‌ఏ లెక్కిస్తారు. అంటే 25,870 మీద. దీనికి తోడు నడిపిన కిలోమీటర్లకి అలవెన్స్. బండ్లు తక్కువ దొరికిన నెల, సెలవు పెట్టిన నెల అది తగ్గుతుంది. ఇంటి లోన్ తీసుకునేటప్పుడు దాన్ని నమ్ముకోకండి.

జవాబు 3: అండీ, ముందు మీ కళ్ల సంగతి చూసుకోండి. ఏఎల్‌పీకి ఏ-1 మెడికల్: అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6, ఫాగింగ్ టెస్ట్ (ప్లస్ పవర్ అద్దం పెట్టి దాగిన చూపు లోపం పట్టే పరీక్ష) కూడా ఉంటుంది. లేసిక్ (అద్దాలు మానడానికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే పనికిరారు. స్టేషన్ మాస్టర్‌కి ఏ-2, అద్దాలు లేకుండా 6/9 చాలు. పరీక్ష పాసై మెడికల్‌లో పోయేవాళ్లు చాలామంది. దగ్గర్లోని కళ్ల డాక్టర్‌కి ‘ఏ-1కి చూడండి’ అని చెప్పి చూపించుకున్నాకే ఫారం నింపండి.